చౌడు నేలలో గడ్డి వేస్తే ఉప్పు పోతుందా?

మొన్న ఎండాకాలంలో మా మావయ్య వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. అందులో ఒకాయన తలకంటే ఎత్తు పెరిగిన నేపియర్ గడ్డి మధ్య నిలబడి, "ఈ గడ్డి చౌడులో ఉన్న ఉప్పంతా పీల్చేస్తుంది, రెండేళ్లు ఆగి వరి వేసుకోండి" అంటున్నాడు. కింద కణుపులు అమ్మే ఫోన్ నంబరు. దాని వెనకాలే మావయ్య మెసేజ్: "నిజమేనంట్రా?"

బాపట్ల జిల్లాలో, మురుగు కాలువ పక్కన ఆయనకు మూడెకరాలుంది. నారు వేసిన ఇరవై రోజులకే మడిలో అక్కడక్కడా బోడిగుండులా ఖాళీలు పడతాయి. మాఘమాసం వచ్చేసరికి ఆ ఖాళీల మీద పిండి చల్లినట్టు తెల్లగా పొర కడుతుంది. ఇలాంటి పొలం ఉన్నవాడికి ఆ వీడియో ఆశ పుట్టిస్తుంది, తప్పులేదు. పశుగ్రాసంతో చౌడు బాగుపడిన చోట్లు నిజంగానే ఉన్నాయి కూడా. కానీ అవి బాగుపడింది గడ్డి ఉప్పును పీల్చడం వల్ల కాదు. గడ్డి అక్కడ వేరే పని చేసింది. అదేమిటో తెలియాలంటే ముందు చౌడు అనే మాటను విడదీయాలి.

ఒకే పేరు కింద రెండు జబ్బులు

చౌడు అని ఒక్క మాటతో తేల్చేస్తాం గానీ, మన రైతులు దాన్ని ఎప్పుడో రెండుగా విడగొట్టారు: పాల చౌడు, కారు చౌడు.

పాల చౌడులో ఉన్నది కరిగే ఉప్పు. సముద్రపు ఉప్పు లాంటి సోడియం క్లోరైడు, దానితోపాటు కాల్షియం, మెగ్నీషియంల లవణాలు, సల్ఫేట్లు. ఎండకు నీరు పైకి లాగబడి ఆవిరవుతుంది, ఉప్పు పైన తెల్లగా మిగిలిపోతుంది. మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది. నీరు దిగుతుంది. మొక్క బాధంతా దాహం. చుట్టూ తడి ఉన్నా, ఉప్పుతో చిక్కబడ్డ ఆ నీటిని వేరు లాక్కోలేదు.

కారు చౌడు వేరు. అక్కడ కరిగే ఉప్పు ఎక్కువ ఉండకపోవచ్చు. సోడియం మట్టి రేణువులకే అతుక్కుని కూర్చుంటుంది, దానికి సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు తోడవుతాయి. మట్టిలోని సేంద్రియ పదార్థం ఆ క్షారానికి కరిగి నల్లటి మరకలా పైకి తేలుతుంది. 'కారు' అన్నది ఆ నలుపే. వెనకటికి చాకలివాళ్లు బట్టలుతకడానికి చౌడు మన్ను తెచ్చుకునేవారంటే, అందులో ఉన్న ఈ సోడా కోసమే. తడిస్తే ఈ నేల జారుడుగా, జిగురుగా ఉంటుంది, ఎండితే రాయి. వాన కురిసిన వారానికి కూడా పైన నీళ్లు నిలిచే ఉంటాయి, జానెడు లోతు తవ్వితే పొడి మట్టి తగులుతుంది.

లెక్కల్లో చెప్పాలంటే, అమెరికాలోని రివర్‌సైడ్ ప్రయోగశాల 1954లో గీసిన గీతలే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మట్టిని నీటితో సంతృప్త బురదగా కలిపి, అందులోంచి లాగిన నీటి విద్యుత్ వాహకత, అంటే ఇసి, 4 మిల్లీమోస్ దాటితే పాల చౌడు. రేణువులను పట్టుకున్న మూలకాల్లో సోడియం వాటా 15 శాతం దాటి, పీహెచ్ 8.5 పైన ఉంటే కారు చౌడు. మన దేశంలో హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ ఈ పీహెచ్ గీతను 8.2కి దించింది. ఇసి, సోడియం రెండూ ఎక్కువుంటే అది పాల-కారు చౌడు. ఇంటర్నెట్‌లో కనిపించే విజయగాథల్లో చాలామటుకు ఇది ఏ రకం నేలో చెప్పరు. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

దేశంలో చౌడు నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లు, అందులో సగం కంటే ఎక్కువ కారు చౌడే. సముద్రతీరం ఉంది కాబట్టి మనకు పాల చౌడే ఎక్కువనుకుంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వేసిన లెక్క తిరగేసి ఉంది. మొత్తం 2.74 లక్షల హెక్టార్లలో దాదాపు 1.97 లక్షలు కారు చౌడు, పాల చౌడు 78 వేలే.

రెండు గాజు గ్లాసుల్లో రెండు మట్టిగడ్డలు

మావయ్య పొలంలోంచి ఒక ఎండిన మట్టిగడ్డ తెచ్చాను. ఇంకోటి, ఏళ్ల తరబడి బోరు నీళ్లతో పండిస్తున్న ఒక మిత్రుడి పొలంలోంచి. రెండూ రేగిపండంత ఉంటాయి. రెండు గాజు గ్లాసుల్లో బ్యాటరీలో పోసే స్వచ్ఛమైన నీళ్లు పోసి, కదపకుండా ఒక్కో గడ్డను వదిలాను.

మావయ్య గడ్డ పది నిమిషాల్లో చిట్లి, చిన్న చిన్న ముక్కలుగా అడుగున కుప్పగా పడింది. పైన నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. రెండో గ్లాసులో గడ్డ చుట్టూ ముందు పొగలాంటి తెర లేచింది. గంటకు ఆ తెర గ్లాసంతా అలుముకుని పలచటి మజ్జిగలా అయింది. మర్నాడు పొద్దున చూసినా తేరలేదు.

ఆ మజ్జిగే కారు చౌడు. కాల్షియానికి రెండు చేతులున్నాయనుకోండి, అది పక్కపక్క రేణువులను పట్టుకుని కలిపి ఉంచుతుంది. సోడియానికి ఒక్కటే చెయ్యి, పైగా అది తన చుట్టూ నీటిని పోగేసుకుంటుంది. సోడియం ఎక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీటిలో తేలిపోతాయి, పొలంలో అయితే మట్టి సందుల్లో ఇరుక్కుని నీటి దారులన్నీ మూసేస్తాయి. పాల చౌడులో కూడా సోడియం ఉండొచ్చు, కానీ చిక్కటి ఉప్పునీరు రేణువులను దగ్గరగా నొక్కి ఉంచుతుంది. అందుకే పాల-కారు చౌడు నేలలో ముందూ వెనకా చూడకుండా మంచినీళ్లు పెట్టి ఉప్పు కడిగేస్తే, మర్నాడు నేల బిగుసుకుపోవచ్చు. ఉప్పు పోయింది, సోడియం మిగిలింది.

కార్డు మీద 1.6 అని ఉంటే

మావయ్య దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంది. ఇసి 1.6, పీహెచ్ 8.1. "నాలుగు లోపలే ఉందిగా, చౌడెలా అవుతుంది?" అని ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే.

మామూలు భూసార పరీక్షలో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి కొలుస్తారు. పైన చెప్పిన 4 గీత ఆ పలచటి నీళ్లకు కాదు, చిక్కటి బురదకు. 100 గ్రాముల మట్టి బురద కావడానికి సుమారు 50 గ్రాముల నీరు చాలనుకుందాం. పరీక్షలో పోసింది 250 గ్రాములు. అంటే అదే ఉప్పు ఐదు రెట్లు పలచబడింది. కార్డు మీది 1.6ను ఐదుతో హెచ్చిస్తే 8 అవుతుంది. బంకమట్టి అయితే బురదకు ఎక్కువ నీరు కావాలి కాబట్టి హెచ్చవేత మూడు, మూడున్నరకు తగ్గుతుంది. ఎలా చూసినా 4 దాటింది. బోడిగుండ్లు ఊరికే పడలేదు.

గడ్డి ఉప్పును మోసుకుపోగలదా: ఒక ఎకరం లెక్క

ఇసి 8 ఉన్న ఎకరంలో, అడుగు లోతు వరకు ఎంత ఉప్పుందో చూద్దాం. ఒక మిల్లీమోస్‌కు లీటరు నీటిలో సుమారు 640 మిల్లీగ్రాముల ఉప్పు. 8కి 5,120. కిలో మట్టికి అరలీటరు బురదనీరు కాబట్టి కిలోకు రెండున్నర గ్రాములు. అడుగు లోతున ఎకరం మట్టి దాదాపు 1,800 టన్నులు తూగుతుంది. గుణిస్తే ఉప్పు 4,600 కిలోలు. యాభై కిలోల బస్తాలైతే తొంభై రెండు.

ఇప్పుడు గడ్డి. ఉదారంగానే ఇద్దాం: ఆ చౌడులోనే ఏడాదికి 40 టన్నుల పచ్చిగడ్డి కోశాం, ఎండితే 8 టన్నులు. అందులో 3 శాతం ఈ ఉప్పే అనుకుందాం. గడ్డి బూడిదలో పొటాషియం, సిలికా ఎక్కువ కాబట్టి ఇదీ ఉదారమే. పొలం దాటి వెళ్లిన ఉప్పు 240 కిలోలు. ఈ లెక్కన తొంభై రెండు బస్తాలు ఖాళీ కావడానికి పందొమ్మిదేళ్లు.

అదీ ఒక్క చుక్క నీరు పెట్టకుండా ఉంటే. గడ్డికి ఏడాదిలో 60 సెంటీమీటర్ల తడి ఇచ్చామంటే ఎకరానికి 24 లక్షల లీటర్లు. ఇసి 0.5 ఉన్న మంచి కాలువ నీరైనా దాంతోపాటు 770 కిలోల ఉప్పు తెస్తుంది. ఇసి 1 ఉన్న బోరు నీరైతే ఒకటిన్నర టన్ను. గడ్డి బయటికి మోసేది 240, నీరు లోపలికి తెచ్చేది 770. వీడియో ఆయన లెక్క ఇక్కడే మునిగిపోయింది.

అదే పాల చౌడు మీద అడుగు మందాన మంచినీరు నిలగట్టి, అది కిందికి దిగి మురుగు కాలువలోకి పోయేలా చేస్తే, అడుగు లోతులోని ఉప్పులో సుమారు 80 శాతం వెళ్లిపోతుందన్నది ఇంజనీర్లు చాలాకాలంగా వాడే అంచనా. అంటే మూడు టన్నులకు పైగా. గడ్డి పదిహేనేళ్లు చేసే పని ఒక మంచి వానాకాలం చేస్తుంది, పోయే దారంటూ ఉంటే.

దీనికి ఎదురు వాదన ఉంది, తీసిపారేయదగ్గది కాదు. ఉప్పునే తినే మొక్కలు కొన్నున్నాయి. మన తీరంలో ఇసుక, బురద కలిసే చోట పెరిగే ఇలకూర, ఆస్ట్రేలియాలో గొర్రెల మేతకు పెంచే సాల్ట్‌బుష్ అలాంటివి. వీటి ఎండు ఆకు బరువులో ఐదో వంతుకు పైగా ఖనిజ లవణాలు ఉండగలవు. వాన తక్కువుండి కడిగే నీరే లేని చోట ఇవి పనికొస్తాయని వాటి మీద పనిచేసేవాళ్లంటారు. కానీ అంత ఉప్పున్న మేతను పశువు కడుపునిండా తినలేదు, వేరే మేత కలపాలి, తాగడానికి మంచినీరు పుష్కలంగా ఉండాలి. పైగా ఆ మేత తిన్న పశువు పేడ, మూత్రం అదే పొలంలో పడితే ఉప్పు చుట్టూ తిరిగి ఇంటికే వస్తుంది.

కారు చౌడులో గడ్డి చేసే అసలు పని

మిత్రుడి పొలం సంగతికి వద్దాం. అక్కడ కావలసింది సోడియాన్ని తోసి ఆ చోట కూర్చునే కాల్షియం. మామూలుగా దాన్ని జిప్సంతో ఇస్తారు. 100 గ్రాముల మట్టిలో ఒక మిల్లీతుల్యాంకం (రేణువులు పట్టుకున్న మూలకాలను లెక్కపెట్టే కొలత) సోడియాన్ని, పై 15 సెంటీమీటర్లలో, ఒక ఎకరంలో తప్పించాలంటే దాదాపు 780 కిలోల స్వచ్ఛమైన జిప్సం పడుతుంది. ఆ మట్టి పట్టుకోగల మొత్తం 25 మిల్లీతుల్యాంకాలు, అందులో సోడియం వాటా 35 శాతం, దాన్ని 15కి దించాలి అనుకుంటే, తప్పించాల్సింది 5. అంటే 3,900 కిలోల జిప్సం.

తమాషా ఏమిటంటే చాలా కారు చౌడు నేలల్లో కాల్షియం ముందే ఉంటుంది. తవ్వితే తెల్లటి సున్నపు గులకలుగా బయటపడుతుంది. మట్టిలో అది 2 శాతం ఉన్నా, అదే 15 సెంటీమీటర్లలో ఎకరానికి 18 టన్నుల సున్నపురాయి. మనకు కావలసిన కాల్షియానికి రెండు టన్నుల పైచిలుకు చాలు. సరుకు ఇంట్లోనే ఉంది, పెట్టెకు తాళం పడింది. పీహెచ్ 9 దాటిన నీటిలో సున్నం కరగదు.

ఆ తాళం తీసేది వేరు. బతికున్న వేరు ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. పైన గాలిలో ఆ వాయువు 0.04 శాతమైతే, వేళ్లున్న మట్టి గాలిలో దానికి పదుల రెట్లు పోగవుతుంది. అది నీటిలో కలిసి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది, గోళీసోడాలో ఉన్నదే. ఆ ఆమ్లానికి సున్నం కొద్దికొద్దిగా కరిగి, కాల్షియం బయటికొచ్చి సోడియాన్ని గెంటుతుంది. నత్రజనిని గాలి నుంచి పట్టే జీలుగ, బర్సీమ్, లూసర్న్ లాంటి పప్పుజాతి మొక్కలైతే వేళ్లనుంచి నేరుగా ఆమ్లకణాలు కూడా వదులుతాయి.

రెండో పని యాంత్రికం. బిగిసిన పొరలోకి వేరు దూరుతుంది, చచ్చాక ఆ చోట గొట్టంలా ఖాళీ మిగులుతుంది, నీరు దాంట్లోంచి దిగుతుంది. ఊడిపడ్డ సోడియం కిందికి పోవడానికి ఆ దారే కావాలి. మూడోది నీడ. నేలను గడ్డి కప్పి ఉంచితే ఎండకు ఆవిరి తగ్గి, కింది ఉప్పు పైకెక్కడం తగ్గుతుంది. పాల చౌడులో గడ్డి చేసే మేలు ప్రధానంగా ఈ మూడోదే. మొదటి పనికి అక్కడ పెద్దగా అవసరం లేదు.

కల్లర్ నుంచి కర్నాల్‌కు

ఈ కథలో పేరున్న గడ్డి ఒకటుంది. పంజాబీలో చౌడును కల్లర్ అంటారు. పాకిస్తాన్ పంజాబులో ఏ పైరూ నిలవని నేలలో తనంతట తాను మొలిచే గడ్డికి కల్లర్ గడ్డి అని పేరు పడింది. మన వైపు అదే కర్నాల్ గడ్డి. ఆకుల మీదున్న సూక్ష్మమైన గ్రంథులతో ఉప్పును బయటికి కక్కేస్తుంది. నీళ్లు నిలిచినా చావదు. దాని వేళ్లలో ఉంటూ నత్రజనిని అందించే అజోఆర్కస్ అనే సూక్ష్మజీవికి 1993లో పేరుపెట్టారు. అది దొరికింది పాకిస్తాన్‌లోని ఈ గడ్డి వేళ్లలోనే. ఎరువు వేయని చౌడులో ఇది పచ్చగా ఎలా ఉంటోందన్న ప్రశ్నకు కొంత జవాబు అక్కడుంది.

1969లో మొదలైన కర్నాల్ సంస్థ, పీహెచ్ 10 దాటిన నేలల్లో రకరకాల గడ్డి జాతులు వేసి చూసింది. జిప్సం లేకుండా నిలబడ్డవాటిలో కర్నాల్ గడ్డిది ముందువరుస. రోడ్స్ గడ్డి, పారాగడ్డి, మన గరిక ఆ తర్వాత. నేపియర్ దిగుబడిలో మొనగాడే, కానీ చౌడును ఓర్చుకోవడంలో ఈ వరుసలోకి రాదు. ఇంకో ప్రయోగంలో సర్కారు తుమ్మ చెట్ల మధ్య కర్నాల్ గడ్డి వేశారు. కోతలు కోస్తూ నాలుగేళ్లు దాటాక, అంతకుముందు మొలకే రాని ఆ నేలలో బర్సీమ్ లాంటి నాణ్యమైన మేత పండింది. వీడియోల్లో "రెండేళ్లు" అని వినిపించినప్పుడల్లా నాకీ నాలుగేళ్లే గుర్తొస్తాయి.

చైనా ఈశాన్యంలోని సోంగ్నెన్ మైదానంలోనూ సోడా చౌడే. అక్కడ పచ్చికను అతిగా మేపడం వల్ల నేల బోడిదై చౌడు పెరిగింది కాబట్టి, మేపు ఆపి గడ్డిని తిరిగి నిలబెట్టడమే వాళ్ల పద్ధతుల్లో ఒకటి. పశ్చిమ ఆస్ట్రేలియాది ఇంకో దారి. గోధుమ కోసం అడవి కొట్టేస్తే భూగర్భ జలం ఉప్పుతోపాటు పైకి లేచింది. లోతు వేళ్ల లూసర్న్ వేస్తే అది ఏడాది పొడవునా నీరు తాగి ఆ మట్టాన్ని కిందికి దించుతుంది. అక్కడ లూసర్న్ ఉప్పును ముట్టదు, ఉప్పును మోసుకొచ్చే నీటిని తాగేస్తుంది.

ఏ మేత ఎంతవరకు ఓర్చుకుంటుంది

1977లో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఒక పట్టిక ప్రచురించారు, తర్వాత దానికి సవరణలు, చేర్పులు జరిగాయి. ప్రతి పైరుకూ రెండు అంకెలు: ఏ ఇసి దాకా దిగుబడి తగ్గదు, దాటాక ఒక్కో మిల్లీమోస్‌కు ఎంత శాతం తగ్గుతుంది. గరికకు 6.9, ఆపైన 6.4 శాతం. లూసర్న్‌కు 2, ఆపైన 7.3. బర్సీమ్‌కు 1.5, ఆపైన 5.7. అలసందకు మేతగా 2.5, ఆపైన 11. వరికి 3, ఆపైన 12.

మావయ్య ఇసి 8ని ఇందులో పెడదాం. గరిక మీద హద్దు దాటింది 1.1 మాత్రమే, కోత 7 శాతం, మిగిలేది 93. లూసర్న్ 56. బర్సీమ్ 63. అలసంద 40. వరి కూడా 40. వరి పండని చోట పశుగ్రాసం పండుతుందిలే అనే ధీమా అన్ని మేతలకూ చెల్లదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంకో మెలిక, ఇవి ఎదిగిన పైరు అంకెలు. మొలక దశలో చాలా పైర్లు ఇంతకంటే సున్నితం. విత్తనం చల్లే గడ్డి కంటే కణుపులు, పిలకలు నాటే పారా, గరిక, కర్నాల్ గడ్డి చౌడులో గట్టెక్కడానికి ఇదొక కారణం.

ఈ పట్టిక ఉప్పును కొలిచింది, క్షారాన్ని కాదు. కారు చౌడులో నీరు నిలిచి వేరుకు గాలాడకపోవడమే సగం చావు. అందుకే నీటిలో నిలబడగల కర్నాల్ గడ్డి, పారాగడ్డి అక్కడ ముందుకొస్తాయి, నీటి ముంపు ఓర్వలేని లూసర్న్ వెనకబడుతుంది.

జిప్సం పక్షం, గడ్డి పక్షం

జిప్సం పక్షం వాదన సూటిగా ఉంటుంది. చల్లి, కలిపి, నీరు నిలిపితే ఆ సీజన్‌లోనే వరి వేసుకోవచ్చు. చౌడు బాగా ముదిరిన నేలకు హెక్టారుకు 10 నుంచి 15 టన్నులు పడుతుంది, అదీ లెక్కకొచ్చే మొత్తంలో సగమే. మిగతా సగం వరి పూర్తి చేస్తుంది, ఎందుకంటే నీరు నిలిచిన వరి మడిలోనూ వేళ్ల వాయువు పోగై సున్నాన్ని కరిగిస్తుంది. దేశంలో ఇప్పటికి 20 లక్షల హెక్టార్లకు పైగా కారు చౌడు సాగులోకొచ్చిందని కర్నాల్ సంస్థ లెక్క. అది ప్రధానంగా జిప్సం, వరి, గోధుమల దారిలోనే. తిండిగింజలు పండే దారి ఉంటే రెండెకరాల రైతు నాలుగేళ్లు గడ్డి కోసుకుంటూ కూర్చోడు.

గడ్డి పక్షం చెప్పేదీ వినాలి. జిప్సం ఊరిదాకా రావాలి, నాణ్యంగా ఉండాలి, లారీ ఖర్చు ఉంటుంది. అది కలిపిన పై 15 సెంటీమీటర్లలోనే పనిచేస్తుంది, వేరు అంతకంటే లోతుకు దిగుతుంది. గడ్డి వేసినన్నాళ్లూ పాల రూపంలో ఎంతో కొంత చేతికొస్తుంది, మట్టిలో సేంద్రియ కర్బనం పెరుగుతుంది. ఊరుమ్మడి బీళ్లలో ఎవరూ జిప్సం చల్లరు, గడ్డి మాత్రం పెంచొచ్చు. రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చేసిన ప్రయోగాల్లో సోడియం తగ్గింపులో జిప్సం ముందుంది, మొక్కలు మరీ వెనకబడలేదు.

నా మటుకు, పీహెచ్ పది దాటి, పెట్టుబడి ఉండి, నీరుంటే జిప్సానిదే పైచేయి. పాడి ఉండి, మధ్యరకం చౌడై, మట్టిలో సున్నం ఉంటే గడ్డి వాదనకు బలముంది. మట్టిలో సున్నం లేకపోతే గడ్డికి కరిగించడానికేమీ ఉండదు, అప్పుడు ఆ చర్చే అనవసరం.

జీలుగ దగ్గర ఇంకో పేచీ ఉంది. లేత జీలుగను మేకలు ఇష్టంగా తింటాయి కాబట్టి మేతగా కోసుకోవచ్చంటారు కొందరు. యాభై రోజుల పైరును మొత్తం మడిలోనే కలియదున్నితే ఆకు, కాండం కుళ్లేటప్పుడు కూడా వాయువు, ఆమ్లాలు పుట్టి సున్నాన్ని కరిగిస్తాయి. కోసుకుపోతే నేలకు దక్కేది వేళ్లు, మోళ్లే. పేడ తిరిగి పొలానికొస్తే కొంత సర్దుకుంటుంది. పచ్చిరొట్టగా ఇచ్చే మేలును మేతకూ అంటగట్టి చెప్పే లెక్కల్ని కాస్త తగ్గించి వినాలి.

మిత్రుడి పొలంలో మరో చిక్కు. ఆయన బోరు నీళ్లలోనే సోడియం బైకార్బొనేటు ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం కంటే కార్బొనేట్లు లీటరుకు 2.5 మిల్లీతుల్యాంకాలు మించి ఉన్న నీరు సాగుకు పనికిరాదంటారు, ఆయనది ఆ గీత దాటింది. ఆ నీటితో ఏ గడ్డి పెంచినా వేరు తీసే తాళాన్ని బోరు మళ్లీ వేస్తుంది.

నీరు ఎక్కడికి పోవాలి

ఇంతవరకూ చెప్పిన ప్రతి లెక్కలోనూ ఒక షరతు దాక్కుని ఉంది: కిందికి దిగిన నీరు బయటికి పోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ప్రపంచబ్యాంకు సాయంతో 1993 నుంచి పెద్దయెత్తున కారు చౌడు బాగుచేశారు. మురుగు సరిగా పోని కొన్నిచోట్ల అది మళ్లీ తేలింది. మన దగ్గర బాపట్లలోని చౌడు నేలల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇండో-డచ్ ప్రాజెక్టు కింద, అప్పటి ప్రకాశం జిల్లాలోని కొణంకి, ఉప్పుగుండూరుల్లో భూమి అడుగున చిల్లుల పైపులు పరిచి ఉప్పునీటిని బయటికి తీసి చూపించారు. ఒకటి సాగర్ కుడికాలువ ఆయకట్టు, రెండోది కృష్ణా పశ్చిమ డెల్టా. ఆ పైపులకు ఖర్చుంది, అవి వదిలే ఉప్పునీరు కలవడానికి ఒక మురుగు కాలువ కావాలి, దాన్ని ఒక్క రైతు తవ్వుకోలేడు. గడ్డి గురించి ఇన్ని వీడియోలుండి, మురుగు కాలువ గురించి ఒక్కటీ లేకపోవడానికి ఇదే కారణమేమో. కాలువకు కణుపులుండవు అమ్మడానికి.

మావయ్యకు ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించాను. అంతా విని, "అయితే గడ్డి వద్దంటావా?" అన్నాడు.

"వద్దనను మావయ్యా. ఉప్పు తీస్తుందని మాత్రం వేయకు."

ఆయన నేపియర్ తెప్పించలేదు. ఎలాగూ వరి చచ్చే పల్లపు అరెకరంలో పారాగడ్డి కణుపులు నాటాడు, రెండు గేదెలకు సరిపోతుందని. పక్క రైతులతో కలిసి మురుగు కాలువ పూడిక తీయమని అర్జీ పెట్టాడు. దాన్నిండా గుర్రపుడెక్క, మోకాలి లోతు బురద. అర్జీ కదలకపోయేసరికి తలా కొంత వేసుకుని, తమ పొలాల మేర జేసీబీతో తీయించుకున్నారు.

అట్లతద్ది ముందు వచ్చిన వానలకు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. "కాలవలో నీళ్లు కదులుతున్నాయిరా. మన మడి తూము దగ్గర వేలు ముంచి నాలిక్కి రాసుకున్నా. ఉప్పగా ఉంది."